భివండీలో పాత మోనో పాటలకు స్పీకరు ఎంపిక

గాయకుడి గొంతు, తబలా, వీణ, వయొలిన్ అన్నీ కలిసి ఒకే ధ్వనిమార్గంలో నమోదైతే దాన్ని మోనో రికార్డింగు అంటారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు, తొలినాటి ఎల్పీలు, పాత సినిమాల ఫిల్ము అంచున ఉండే ధ్వనిరేఖ అన్నీ మోనోయే. స్టీరియో ఎల్పీలు 1958 ప్రాంతంలో బజారుకు వచ్చినా తెలుగు సినిమా పాట ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మోనోలోనే నడిచింది. పాతాళభైరవి, మల్లీశ్వరి (రెండూ 1951), దేవదాసు (1953), మాయాబజార్ (1957) పాటలు పుట్టింది ఇలాగే. మాయాబజార్‌కు 2010లో రంగులద్ది, ధ్వనిని పలు స్పీకర్ల డీటీఎస్‌లోకి మార్చి మళ్లీ విడుదల చేశారు. ఈ సినిమాల్లో పాడిన ఘంటసాల గొంతు వినడానికి మాత్రం అన్ని స్పీకర్లు అక్కర్లేదు.

మహారాష్ట్రలోని ఠాణే జిల్లా భివండీ మరమగ్గాల పట్టణం. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మెదక్ ప్రాంతాల నుంచి వలస వచ్చిన పద్మశాలీలు ఇక్కడ తరాలుగా ఉంటున్నారు. పద్మానగర్ వారి పేటగా పేరుపడింది. ఇక్కడ స్పీకరు ఎంచుకునేటప్పుడు పాటతోపాటు రెండు విషయాలు చూసుకోవాలి: ఇంటి చుట్టూ ఉండే సాంచాల (మరమగ్గాల) మోత, ఆ మోతలో ఏళ్లు గడిపిన చెవి.

మరమగ్గాల కార్ఖానాలో శబ్దం 90 డెసిబెల్‌లు దాటడం మామూలే. భారతీయ కార్ఖానా నియమాల ప్రకారం 8 గంటల పనికి 90 డెసిబెల్‌లే హద్దు. ఏళ్ల తరబడి అంత మోత వింటే మొదట 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి తగ్గుతుంది. స, శ, త, క వంటి హల్లుల స్పష్టత ఎక్కువగా ఆ ఎత్తైన స్వరాల్లోనే ఉంటుంది. అందుకే రాగం వినిపిస్తున్నా మాట అందదు. ఇలాంటి చెవికి భారీ బాస్ పెట్టె మేలు చేయకపోగా మాటను మరింత కప్పేస్తుంది.

మోనో పాటకు ఒక్క స్పీకరు చాలు, చాలాసార్లు అదే మేలు. ఒకే పాటను ఎడమా కుడీ రెండు పెట్టెల్లో మోగిస్తే గొంతు నడుమ నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది కానీ అక్కడ స్పీకరేమీ ఉండదు. దూరపు పెట్టె ధ్వని ప్రతి చెవికీ సెకనులో సుమారు నాలుగువేలవ వంతు ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడావల్ల 2,000 హెర్ట్జ్ దగ్గర ధ్వని కొంత కుంగుతుంది. పాడే గొంతుకు అది ఆయువుపట్టు. పైగా వినేవాళ్లు కొంచెం పక్కకు జరిగితే గొంతు కూడా పక్కకు జరుగుతుంది. ఇంటిల్లిపాదీ తలో మూల కూర్చుని వినే చిన్న గదిలో ఒక్క పెట్టె అందరికీ ఒకేలా వినిపిస్తుంది.

ఆరు నుంచి ఎనిమిది అంగుళాల కాగితపు కోను ఉన్న ఫుల్‌రేంజ్ స్పీకరు ఈ పనికి బాగా కుదురుతుంది. గొంతును కింది స్వరాల ఊఫర్‌కు కొంత, పై స్వరాల ట్వీటర్‌కు కొంత పంచకుండా మొత్తం ఒకే కోను పలికిస్తుంది. పాత రికార్డుల్లో పై స్వరాలు తక్కువ, గీతల చిటపటలు ఎక్కువ. చురుకైన ట్వీటర్ పాటకంటే ఆ చిటపటలనే ముందుకు తెస్తుంది.

పెట్టెను గది మూలలో పెడితే బాస్ ఉబ్బి గొంతు మసకబారుతుంది. గోడకు కాస్త ఎడంగా, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తున, ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉంచాలి. ఆరుబయట దూరం సగమైతే ధ్వని 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. గదిలో గోడలవల్ల అంత పెరగకపోయినా తేడా తెలుస్తుంది. కాబట్టి వాల్యూమ్ పెంచి సాంచాలతో పోటీపడే కంటే పెట్టెను దగ్గరికి జరుపుకోవడం మంచిది. ఇప్పటికే మోతకు అలసిన చెవిమీద ఇంకో మోత వేయకూడదు.

ఇంట్లో స్టీరియో సెట్టు ఉంటే ఆంప్లిఫయర్‌మీద మోనో మీట ఉందేమో చూడాలి. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో అనే సదుపాయం ఉంది. మోనో కోసం ఆంప్లిఫయర్ ఎడమ, కుడి స్పీకరు వైర్లను నేరుగా ముడివేస్తే మాత్రం ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు. రికార్డులు వేసేవాళ్లకు మోనో మీట మరో రకంగానూ పనికొస్తుంది: మోనో గాడిలో పాట అడ్డంగా చెక్కి ఉంటుంది కాబట్టి రెండు చానెళ్లూ కలిపితే సూది పైకీ కిందికీ ఊగడంవల్ల పుట్టే గరగర చాలావరకు రద్దవుతుంది. 78 రికార్డుకు సుమారు 3 మిల్‌ల (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు) సూది కావాలి, ఎల్పీ సూది పెడితే అది గాడి అడుగున దొర్లి రొదే వినిపిస్తుంది. ముంబైలోని చోర్‌బజార్‌లో పాత రికార్డులు, గ్రామఫోన్లు ఇప్పటికీ దొరుకుతాయి. స్పీకర్లు, విడిభాగాలకు లామింగ్టన్ రోడ్డు ఉంది. పాత స్పీకరు కొనేటప్పుడు కోను అంచును వేలితో మెల్లగా తాకి చూడాలి. ఫోమ్ అంచు ఇక్కడి తేమకు పొడిపొడిగా రాలిపోతుంది. గుడ్డ అంచు ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇన్ని చేసినా పాటలో మాట అందకపోతే, ముఖ్యంగా సాంచాలమీద పనిచేసినవారు, మరో స్పీకరు కొనేముందు చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష చేయించుకోవాలి.