మామిడి పండు చేసిన రాయబారం



రాయబారం అనగానే మనకు కురుసభకు వెళ్ళిన శ్రీకృష్ణుడు గుర్తుకొస్తాడు. ఒక రాజు తరఫున వెళ్ళి మరో రాజుతో మాట్లాడటం పాత పద్ధతి. ఒక దేశం మరో దేశపు ప్రజల మనసునే గెలుచుకోవాలని చూడటం మరో పద్ధతి. దీన్ని ప్రజా దౌత్యం అంటారు. డబ్బు, సైన్యం తక్కువగా ఉన్న వర్ధమాన దేశాలకు ఇది మరీ అవసరం. పాటతో, వంటతో, పంటతో పరిచయం పెంచుకుంటే ఆ వెనకే వ్యాపారం వస్తుందని వాటి ఆశ. మన విదేశాంగ శాఖ 2006లో ఇందుకు ప్రత్యేక విభాగాన్నే ఏర్పాటు చేసింది.

మన జిల్లాల వారికి బాగా తెలిసిన ఉదాహరణ మామిడి. ఇంగ్లీషువారి 'మ్యాంగో' అన్న మాట కూడా దక్షిణాది 'మాంగా' నుంచి పోర్చుగీసు వర్తకుల నోట వెళ్ళిందే. 1968లో పాకిస్తాన్ విదేశాంగ మంత్రి చైనా నాయకుడు మావోకు మామిడి పండ్లు కానుక ఇచ్చారు. మావో వాటిని కార్మికులకు పంపితే, వారు తినకుండా దాచి, మైనంతో నమూనాలు చేసి ఊరేగించారు. పండుకు గౌరవం దక్కింది గానీ, కానుక వేరు, బేరం వేరు.

బేరం ఎలా కుదురుతుందో 2006 చూపించింది. మన మామిడికి అమెరికా తలుపులు అప్పటికి సుమారు 18 ఏళ్ళుగా మూసి ఉన్నాయి. పండు ఈగ, టెంక పురుగు తమ తోటల్లో చేరతాయని వారి భయం. ఆ ఏడాది మార్చిలో అధ్యక్షుడు బుష్ ఢిల్లీ వచ్చి, భారత మామిడి తినాలని ఎదురు చూస్తున్నామన్నారు. ఆ మాట పత్రికలన్నిటా వచ్చింది. అయితే మాటతో పెట్టె కదలలేదు. మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో పండ్లను గామా కిరణాలతో శుద్ధి చేసే ఏర్పాటు జరిగాక, 2007 ఏప్రిల్‌లో మొదటి పెట్టెలు అమెరికా చేరాయి. బదులుగా మనం హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్ళకు దారి ఇచ్చాం.

ఈ కథ చెబితే మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు: "ఆ పెట్టెల్లో మన తోపు కాయ ఉందా సార్?" లేదు. అందులో వెళ్ళినవి ఆల్ఫోన్సో వంటి పేరున్న పండ్లు. మన కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతపు తోతాపురి ఎక్కువగా గుజ్జుగా మారి, డబ్బాల్లో గల్ఫ్‌కూ యూరప్‌కూ పోతుంది. తాగేవారికి మన ఊరి పేరు తెలియదు.

పేరు లేని సరుకుకు ధర నిలవదు. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయింది. ఆంధ్ర ప్రభుత్వం కిలోకు ఫ్యాక్టరీ నుంచి 8 రూపాయలు, తన వంతు 4 రూపాయలు అని నిర్ణయించింది. తమ రైతుకే ఆ ధర దక్కాలని జూన్‌లో చిత్తూరు జిల్లా అధికారులు బయటి రాష్ట్రాల కాయ రాకుండా ఆపారు. కర్ణాటక ముఖ్యమంత్రి ఆంధ్ర ముఖ్యమంత్రికి లేఖ రాయవలసి వచ్చింది. సముద్రాలు దాటే కాయ జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోయింది!

చిత్తూరు రైతుదీ తప్పు కాదు, మన రైతుదీ కాదు. రెండు వైపులా అదే మట్టి, అదే చెట్టు, చాలా ఇళ్ళలో అదే తెలుగు. పండు గొప్పదని లోకానికి చాటడం సగం పని. దాన్ని పండించినవాడి చేతికి ధర అందేలా ఇరుగుపొరుగు రాష్ట్రాలు కాపు ముందే కూర్చుని మాట్లాడుకోవడం మిగతా సగం. ఆ రాయబారం ఢిల్లీలో కాదు, మన సరిహద్దులోనే మొదలవ్వాలి.