ఉద్దానం మొక్కల్లో ఆల్కలాయిడ్లు

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి చుట్టుపక్కల, ఉద్దానం అనే ప్రాంతపు ఇసుక నేలల్లో బిళ్ళగన్నేరు, ఉమ్మెత్త ఎవరూ నాటకుండానే మొలుస్తాయి. వీటిని మందుగానూ విషంగానూ చేసేవి ఆల్కలాయిడ్లు: నైట్రోజన్ ఉండే, ఎక్కువగా చేదైన రసాయనాలు. జర్మనీకి చెందిన మైస్నర్ 1819లో ఆ పేరు పెట్టాడు. అవి మొక్కలో ఎక్కడ తయారవుతాయో తేలడానికి మరో నూరేళ్లకు పైనే పట్టింది.

గట్టి ఆధారం పొగాకు నుంచి వచ్చింది. 1942లో అమెరికాలో డాసన్ పొగాకు వేరు మీద టమాటా కొమ్మను అంటు కడితే, టమాటా ఆకుల్లో నికోటిన్ చేరింది. టమాటా వేరు మీద కట్టిన పొగాకు ఆకులో అది దాదాపు లేదు. శ్రీకాకుళం తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్టలోని ఘాటు కూడా వేరులో పుట్టి ఆకుకు ఎక్కిందే. పూత సమయంలో తల తుంచితే వేరు మరింత నికోటిన్ చేస్తుంది. ఉమ్మెత్త ఆల్కలాయిడ్లు కూడా ఇలాగే వేరులో పుట్టి ఆకుకు ఎక్కుతాయి.

బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చిన మొక్క. కెనడాలో నోబుల్, బీర్ దీనిలో షుగరు మందు కోసం వెతుకుతుంటే ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ జాడ పట్టి 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ పిల్లల రక్త క్యాన్సర్‌కు నేటికీ ముఖ్యమైన మందు.

విండోలిన్, కాథరాంథిన్ అనే రెండు ఆల్కలాయిడ్లు జతకడితే విన్‌బ్లాస్టిన్ వస్తుంది; ఆ తయారీ ఒక్క కణంలో పూర్తి కాదు. తొలి మెట్లు ఈనెల దగ్గరి కణాల్లో, తర్వాతివి ఆకు పైపొరలో, విండోలిన్ చివరి మెట్లు పాలనాళాల్లో, కొన్ని ప్రత్యేక కణాల్లో జరుగుతాయని 1999 నుంచి తెలుస్తూ వచ్చింది. విండోలిన్ ఆకు లోపల ఉంటే, దానితో జతకట్టాల్సిన కాథరాంథిన్ ఆకు మీది మైనపు పూతలో ఉంటుందని 2010లో కెనడా పరిశోధకులు చూపారు. రెండూ ఇలా విడివిడిగా ఉండటమే విన్‌బ్లాస్టిన్ అంత తక్కువగా దొరకడానికి కారణమని వారి వాదన. వేరులో అజ్మాలిసిన్ అనే మరో ఆల్కలాయిడ్ ఉంటుంది, విండోలిన్ ఉండదు.

అందుకే ఏ భాగం కోశామన్నది ఇక్కడ అసలు సంగతి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, ఏ భాగంలో ఏముందో తెలియకుండా బిళ్ళగన్నేరు కషాయం సొంతంగా తాగడం ప్రమాదం.

1 గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు దాదాపు 500 కిలోల ఎండు ఆకు కావాలి. ఇంత తక్కువగా దొరుకుతుంది కాబట్టే 2022లో విండోలిన్‌నూ కాథరాంథిన్‌నూ ఈస్ట్ కణాలతో చేయించి, ప్రయోగశాలలో జతచేశారు.