గుఱ్ఱపు పరుగును పట్టిన రెండు యంత్రములు

పరుగెత్తు గుఱ్ఱము నాలుగు కాళ్లును ఒకే క్షణమున నేలను విడుచునా, విడువదా? గుఱ్ఱపుబండ్లు తిరిగిన కాలమున మన పల్లెలలో సైతము ఈ వాదము అరుగులమీద జరిగియే యుండును. గుఱ్ఱమును దినదినము చూచువారే రెండు పక్షములగుటకు కారణము వారి అజ్ఞానము కాదు, కంటి మాంద్యము. అమరకోశమున అశ్వగతులు అయిదు చెప్పబడినవి. వానికి ధారలని పేరు. పేరుండుట వేఱు, ఏ గతియందు ఏ కాలు ఎప్పుడు నేల నంటునో చూపుట వేఱు. ఐరోపా చిత్రకారులు గుఱ్ఱమును ముందుకాళ్లు ముందునకు, వెనుకకాళ్లు వెనుకకు చాచి గాలిలో తేలునట్లు వ్రాయుచుండిరి. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో ఎప్సం పందెమును అట్లే చిత్రించెను. దానిని చూచి మెచ్చనివారు లేరు, శంకించినవారును అరుదు.

ఈ చిక్కును విప్పుటకు ఇద్దఱు పూనుకొనిరి. ఇద్దఱును 1830లో పుట్టినవారే. ఒకడు ఆంగ్లేయుడై అమెరికాకు పోయిన ఎడ్వర్డ్ మైబ్రిడ్జి, వృత్తిచే ఛాయాచిత్రకారుడు. రెండవవాడు పారిసునందలి శరీరశాస్త్రాచార్యుడు ఎట్యెన్ జూల్ మారే. మారే మొదట కెమెరాను తాకనేలేదు. గుఱ్ఱపు డెక్కల క్రింద గాలి నింపిన రబ్బరు తిత్తులను కట్టి, గొట్టముల మూలమున ఆ ఒత్తిడిని రౌతు చేతిలోని యంత్రమునకు చేర్చి, కాగితముపై గీతలుగా దింపెను. ఆ గీతలనుబట్టియే నాలుగు కాళ్లును నేలను విడుచు క్షణము గలదని 1873లో అచ్చైన తన గ్రంథమున చెప్పెను. కాని గీతను చూచి లోకము నమ్ముట కష్టము.

కాలిఫోర్నియా మాజీ గవర్నరును, రైల్వేల అధిపతియు, పందెపుగుఱ్ఱముల పెంపకమున మిక్కిలి మక్కువ గలవాడును అగు లీలండ్ స్టాన్‌ఫర్డ్ ఈ విషయమున ఆసక్తి గొని, ధనమిచ్చి మైబ్రిడ్జిని నియోగించెను. ఇరువదియైదువేల డాలర్ల పందెము కట్టెనను కథ యొకటి చిరకాలముగా ప్రచారమున నున్నది. దానికి ఆధారము లేదు. చరిత్రకారులు కట్టుకథగా నెంచుచున్నారు.

1878లో పాలో ఆల్టోలోని గుఱ్ఱపుశాలయొద్ద మైబ్రిడ్జి చేసిన ఏర్పాటును కొంచెము వివరముగా చెప్పవలెను. బాటకు ఒక ప్రక్కను తెల్లని గోడవంటి తెర. దానికెదురుగా, రెండవ ప్రక్కను, పండ్రెండు కెమెరాలు వరుసగా కూర్చున్నవి. ఒక్కొక్క కెమెరాకు ఎదురుగా బాటకడ్డముగా ఒక దారము. గుఱ్ఱము ఱొమ్ముతో దారమును త్రెంపగానే విద్యుత్తు పాఱి ఆ కెమెరా తలుపు తెఱచుకొని మూసికొనును. అచ్చువేసిన కార్డుపై కెమెరాల నడుమ దూరము 27 అంగుళములనియు, ఒక్కొక్క చిత్రమునకు వెలుగు సోకిన కాలము సెకనులో రెండువేలవ భాగముకంటె తక్కువ యనియు వ్రాసినారు. నాటి ఫలకములు తడిగా నుండగానే వాడవలసినవి. పండ్రెండింటిని ఒకేమాఱు సిద్ధము చేయుట సామాన్యమైన పని కాదు.

జూను 15న పత్రికలవారిని పిలిచి ఈ ప్రయోగమును చూపిరి. శాలీ గార్డనర్ అను ఆడుగుఱ్ఱము పరుగెత్తుచుండగా జీను పట్టెడ తెగెను. ఆ తెగిన పట్టెడ ఛాయాచిత్రములలో పడినది. అంతకుముందు ఎవరికైన మాయ యను సందేహముండినచో అది అంతటితో పోయెను. గుఱ్ఱము నాలుగు కాళ్లును నేలను విడుచుచున్నవి. అయితే చిత్రకారులు వ్రాసినట్లు చాచియున్నప్పుడు కాదు, కాళ్లన్నియు కడుపు క్రిందికి ముడుచుకొన్నప్పుడు! శతాబ్దముల చిత్రకళకు ఇది పెద్ద దెబ్బ.

ఆ డిసెంబరులోనే మారే పారిసునందలి పత్రికలో ఆ చిత్రములను చూచి పరవశుడై, ఇట్లే పక్షి యెగురుటను తీయగలరా యని బహిరంగముగా లేఖ వ్రాసెను. ఇచ్చటనే రెండు పద్ధతులకు చీలిక వచ్చినది. గుఱ్ఱము బాటపై దారము త్రెంపును, పావురము త్రెంపునా? 1881లో మైబ్రిడ్జి పారిసునకు వచ్చి పక్షుల చిత్రములు చూపగా, వరుసక్రమము లేని ఆ చిత్రములు మారేకు తృప్తి నీయలేదు. ఇక తానే పూనుకొనెను.

అతనికి దారి చూపినది మఱొక ఫ్రెంచివాని యంత్రము. ఆ ఫ్రెంచివాడు మనకు పరాయివాడు కాడు. పియర్ జాన్సెన్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై మన గుంటూరునకు వచ్చి, అచ్చటినుండి సూర్యుని చుట్టునుండు జ్వాలల వెలుగును విడదీసి పరిశీలించెను. అతడే 1874లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా పోవుటను గుర్తించుటకై, గుండ్రముగా తిరుగు ఫలకముపై 72 సెకనులలో 48 చిత్రములు పడు పిస్తోలువంటి యంత్రమును కల్పించెను. మారే దానిని తుపాకిగా మార్చెను. 1882లో నేపుల్సునగరమున సిద్ధమైన ఈ తుపాకి సెకనునకు 12 చిత్రములు తీయును. ఒక్కొక్క దానికి పట్టు కాలము సెకనులో 720వ భాగము. పిట్టకు గురిపెట్టవచ్చును, పిట్ట చావదు.

అయితే ఆ చిత్రములు చాల చిన్నవి, నీడబొమ్మలవలె మాత్రముండునవి. అందుచే అదే సంవత్సరమున మారే తుపాకిని విడిచి, కదలని ఒకే గాజుఫలక ముందు చీలికలు గల చక్రమును తిప్పెను. నల్లని తెర ముందు తెల్లని వస్త్రములు ధరించినవాడు నడచును. చీలిక వచ్చినప్పుడెల్ల ఫలకముపై ఒక రూపము పడును. అన్నియు ఒకే చూపునుండి, సమానమైన కాలవ్యవధులతో తీసినవి. రూపములు ఒకదానిపై నొకటి పడి కలగాపులగ మగుచుండగా, 1883లో మనిషికి నల్లని దుస్తులు తొడిగి, చేతులకు కాళ్లకు తెల్లని గీతలు మాత్రము కట్టించెను. అప్పుడు మనిషి మాయమై నడక మాత్రమే మిగిలినది. ఈ యుపాయమును తలచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును.

ఇక ఎంపిక మాట. 1884లో ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున మైబ్రిడ్జికి పని నొసగిరి. ఆ ప్రయోగములలో పాల్గొన్న టామస్ ఈకిన్సు అను చిత్రకారుడు మాత్రము మారే పద్ధతిని అనుసరించి, ఒకే కెమెరాతో, చక్రముతో తీసెను. ఒకే యావరణమున రెండు పద్ధతులును ఎదురెదురుగా నిలిచినవి! అందములను కోరు చిత్రకారుడు కొలతలిచ్చు యంత్రమును కోరుట వింతగా తోచవచ్చును. అవయవముల పొందిక తెలియవలె ననునదే అతని పట్టుదల. మైబ్రిడ్జి కెమెరాలను విడువలేదు గాని, దారములకు మాఱు గడియారపు యంత్రముచే తలుపులు విప్పించుచు, 1887 నాటికి 781 ఫలకముల మహాసంపుటమును వెలువరించెను. నూఱు ఫలకములకు నూఱు డాలర్ల వెల. అందు కొన్ని వరుసలలో చిత్రములు తప్పిపోగా వేఱు చిత్రములు చేర్చి క్రమము మార్చినట్లు తరువాతి పరిశోధకులు కనుగొనిరి. విద్యార్థికిది రుచింపని మాట. అయినను ఒక్కొక్క చిత్రము ఎంత స్పష్టమో! కండరము, వెండ్రుక, ఎగిరిన దుమ్ము కూడ కనబడును. మారే ఫలకమున అవి కానరావు.

నాకే ఎంపిక నిచ్చినచో, పాఠశాల గోడపై వ్రేలాడదీయుటకు మైబ్రిడ్జి చిత్రమునే కోరుదును. లెక్క వేయుటకు మారే ఫలకమును. దారముతో తీసిన వరుసలో దూరములు సమానమే గాని, గుఱ్ఱము వడి మార్చినచో కాలములు సమానములు కావు. పైగా ఒక్కొక్క కెమెరా ఒక్కొక్క చోటినుండి చూచుచున్నది. కొలబద్ద పెట్టువానికి ఇది పెద్ద లోపము.

స్టాన్‌ఫర్డ్ 1882లో తన వైద్యుడు స్టిల్‌మన్ పేర ఈ ప్రయోగముల గ్రంథమును ప్రకటింపగా, అందు మైబ్రిడ్జికి తగిన గౌరవము దక్కలేదు. లండనులోని రాయల్ సొసైటీవారు అతని వ్యాసమును ప్రకటింపక నిలిపివేసిరి. అతడు వేసిన దావాయు వీగిపోయెను.

మారే 1888లో గాజును విడిచి కాగితపు చుట్టను, తరువాత సెల్యులాయిడును వాడెను. రూపములు ఒకదానిపై నొకటి పడు బాధ తీఱినది. 1894లో కాళ్లు పట్టుకొని తలక్రిందులుగా వదలిన పిల్లి, గాలిలోనే మొదట ముందుభాగమును, పిమ్మట వెనుకభాగమును త్రిప్పుకొని కాళ్లపై నిలుచుటను ఆ చుట్టపై పట్టి పండితసభకు చూపెను. ఒక కటకము, ఒక చుట్ట, సమకాలములు: 1895లో లూమియేరు సోదరుల సినిమాయు ఈ దారినే నడచినది. 1904 మే నెలలో, మైబ్రిడ్జి ఇంగ్లండులోను, మారే పారిసులోను, కొద్దిదినముల వ్యవధిలో గతించిరి.

మైబ్రిడ్జి వరుస మాత్రము పోలేదు. 1999లో వచ్చిన మేట్రిక్స్ అను అమెరికా చలనచిత్రమున, గాలిలో వంగిన మనిషి చుట్టును చూపు తిరుగుటకై నూటికి పైగా కెమెరాలను వంపుగా నిలిపిరి. అచ్చట దారములు లేవు. కంప్యూటరు ఒకదాని వెంట నొకటిగా వానిని విప్పినది.