సైనిక సాధనాల ముద్దుపేర్లు: తెలుగునాట చరిత్ర

ఆయుధాలకూ వాహనాలకూ విమానాలకూ తయారీదారు పెట్టిన పేరునో, సైన్యం పట్టీలో ఎక్కిన సంఖ్యనో పక్కనపెట్టి, వాటిని రోజూ వాడే సైనికులు తమలో తాము పిలుచుకునే పేర్లను సైనిక సాధనాల ముద్దుపేర్లు అంటారు. పాలకులు ఇచ్చే బిరుదు నామాలు వేరు, ఇవి వేరు. బిరుదు నామం ఆ ఆయుధం నుంచి ఏమి ఆశించారో చెబుతుంది; ముద్దుపేరు దానితో కాలం గడిపినవారికి అది ఎలా కనిపించిందో, ఎలా వినిపించిందో చెబుతుంది. చరిత్రకారుడికి రెండోదే ఎక్కువ విలువైన సాక్ష్యం.

తెలుగులో పెద్ద తుపాకీకి వాడే ‘ఫిరంగి’ అనే మాటే ఇలాంటి వాడుక నుంచి పుట్టింది. పారశీకంలో ‘ఫరంగ్’ అంటే మొదట ఫ్రాంకు జాతివారి దేశం, తరువాత యూరప్ అంతా. యూరప్ పద్ధతి తుపాకీని ఆ దేశం పేరుతోనే పిలవగా, తెచ్చినవారి పేరు తెచ్చిన వస్తువుకు స్థిరపడిపోయింది. ఒంటె వీపున అమర్చి పేల్చే చిన్న ఫిరంగిని ‘జంబూరకం’ అనేవారు. పారశీకంలో ‘జంబూర్’ అంటే కందిరీగ కాబట్టి, చిన్నదైనా కుట్టి చంపగలదన్న భావం ఆ పేరులో ఉంది.

బిరుదు నామానికి గోల్కొండ కోటలోని ‘ఫతే రహబర్’ మంచి ఉదాహరణ. ‘విజయానికి దారి చూపేది’ అనే అర్థం గల ఈ ఔరంగజేబు ఫిరంగి ఇప్పటికీ పెట్లా బురుజు మీదే ఉంది. పేరు పాదుషా దర్పానిదే అయినా, దానిని మోస్తున్న బురుజు పేరు మాత్రం బొజ్జలా ముందుకు పొంగిన దాని ఆకారాన్ని చూసి జనం పెట్టినది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో చేరిన తెలుగువారిని ఉత్తరాదివారు ‘తిలంగులు’ అన్నారు. కాలక్రమంలో ఆ మాట ఏ ప్రాంతపు సిపాయికైనా చెల్లింది, అంటే ఇక్కడ ముద్దుపేరు ఆయుధానికి కాక దానిని పట్టినవాడికి దక్కింది. అప్పటి బ్రిటిష్ సైనికులు తమ తుపాకీని ‘బ్రౌన్ బెస్’ అనేవారు. బెస్ అనేది ఎలిజబెత్ అనే ఆడపేరుకు ముద్దురూపం.

విమానాల కాలానికి వస్తే, తెలుగునేలతో అన్నిటికన్నా గట్టి సంబంధం ఉన్న పేరు ‘నైనాక్’. మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాది, 1918లో, బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లను ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుకగా సమకూర్చారు; ప్రతి విమానం పక్కనా హైదరాబాద్ నిజాం కానుక అని రాయించారు, స్క్వాడ్రన్ పేరులోనూ హైదరాబాద్ చేరింది. సిబ్బంది వాడుక వేరుగా ఉండేది. అప్పటి బ్రిటిష్ సంకేత పరిభాషలో, గోలలో అక్షరాలు తప్పుగా వినపడకుండా, ‘ఏ’ అక్షరాన్ని ‘యాక్’ అని పలికేవారు. ‘నైన్’, ‘యాక్’ కలిసిపోయి ‘నైనాక్’ అయింది. యాంటీ ఎయిర్‌క్రాఫ్ట్ తుపాకులను ‘యాక్-యాక్’ అనడం కూడా ఇలా వచ్చినదే. ఒకే విమానం మీద రంగుతో రాసిన ప్రభువు పేరు ఒకటి, నోటితో పలికిన మాట మరొకటి. రెండో ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ పేరు ధరించిన 152వ స్క్వాడ్రన్ నడిపిన స్పిట్‌ఫైర్‌ను కూడా పైలట్లు క్లుప్తంగా ‘స్పిట్’ అనే పిలిచారు.

స్వాతంత్ర్యం తరువాత భారత వాయుసేనకు దక్కిన పేర్లలో 1965 యుద్ధపు ‘సేబర్ స్లేయర్’ గర్వానిది: చిన్న నాట్ విమానం పాకిస్తాన్ సేబర్లను కూల్చినందుకు వచ్చింది. మిగ్-21ది రెండు ముఖాల కథ. త్రికోణాకారపు రెక్కను చూసి రష్యన్లు దానిని తమ మూడుతీగల వాద్యం పేరుతో ‘బలలైకా’ అన్నారు. వరుస ప్రమాదాల తరువాత మన పత్రికలు ‘ఎగిరే శవపేటిక’ అన్నాయి. ఈ రెండో పేరు బయటివారు పెట్టినది. దశాబ్దాలపాటు ఆ విమానాన్ని నమ్మి నడిపినవారికి అది న్యాయం చేయలేదు. 2025 సెప్టెంబరు 26న మిగ్-21 సేవ ముగిసింది.

శత్రువు లేదా ప్రత్యర్థి పెట్టిన పేరు నిలిచిపోవడం మరో తీరు. నాటో కూటమి సోవియట్ విమానాలకు సంకేతనామాలు పెట్టినప్పుడు బాంబర్లకు ‘బి’తో, ఫైటర్లకు ‘ఎఫ్’తో మొదలయ్యే మాటలను ఎంచుకుంది, పంకా ఇంజన్లు ఉంటే ఒక్క అక్షరోచ్చారణ గల మాటను, జెట్ అయితే రెండు గల మాటను వాడింది. ఆ లెక్కలోనే టుపొలెవ్-95కూ, దాని నౌకాదళ రూపమైన టుపొలెవ్-142కూ ‘బేర్’, అంటే ఎలుగుబంటి, అనే పేరు వచ్చింది. భారత నౌకాదళంలో 1988 నుంచి 2017 వరకు సముద్రంపై నిఘా కాసిన టుపొలెవ్-142లలో ఒకటి, నాలుగు ఇంజన్లకు ఎదురెదురుగా తిరిగే జంట పంకాలతో, విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా నిలిచి ఉంది. 2017 డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించారు.