చెయ్యి చాచి చదివిన టోకెన్

ఇండియా గేట్ షట్కోణం దగ్గర మొదలయ్యే అశోకా రోడ్‌లో ఒకటో నంబరు ఆంధ్రా భవన్. మధ్యాహ్నం అక్కడి క్యాంటీన్ వరసలో ఒక పెద్దాయన టోకెన్ మీది నంబరు చదవడానికి చెయ్యి చాచారు, ఇంకాస్త చాచారు. రోడ్డవతలి బోర్డు మాత్రం ఇట్టే చదివేశారు. "చత్వారం, బాబూ" అన్నారు. నలభైకి సంస్కృతంలో చత్వారింశత్. వయసు ఆ మాటలోనే ఉంది. ఆ వయసులో కంట్లో ఏం జరుగుతుందో తెలియాలంటే ముందు ఒక పాత చిక్కు వీడాలి. అది వీడడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది.

కంటి వెనక పొర అయిన రెటీనా మీదే బొమ్మ పడుతుందని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1604లో చూపాడు. చిక్కు అక్కడే మొదలైంది. దూరపు బోర్డుకు కుదిరిన అమరిక చేతిలోని టోకెన్‌కు కుదరదు. మరి ఏదో మారాలి. కంటి ముందు పొర కార్నియా ఉబ్బుతుందా, కనుగుడ్డు సాగుతుందా, లోపలి కటకం మారుతుందా?

ఇంగ్లండు వైద్యుడు థామస్ యంగ్ తన కంటినే పరీక్షకు పెట్టాడు. నీళ్లలో కార్నియా వంపుకు దాదాపు పనుండదు. అందుకని నీళ్లు నింపిన గొట్టాన్ని కంటికి ఆనించి, తగ్గిన శక్తిని గాజు కటకంతో పూరించి చూశాడు. దగ్గరికీ దూరానికీ చూపు మునుపటిలాగే సర్దుకుంది. ఇక కనుగుడ్డు. సాగితే వెంటనే తెలిసేలా ముందూ వెనకా లోహపు వస్తువులు అదిమిపెట్టుకున్నాడు. తలుచుకుంటేనే నా కళ్లు చెమ్మగిల్లుతాయి. కనుగుడ్డు సాగలేదు. శుక్లానికి కటకం తీయించుకున్నవాళ్లకు మాత్రం ఆ సర్దుబాటే లేదు. మారేది కటకమేనని 1801లో అచ్చు వేయించాడు. అయితే కటకం తానే కండరమనుకుని పొరబడ్డాడు.

తర్వాతి ఆనవాలు కొవ్వొత్తి వెలుగు. దగ్గరికి చూసినప్పుడు కటకం ముందు తలం మీద దాని ప్రతిబింబం చిన్నదవుతోందని డచ్ వైద్యుడు క్రామర్, విడిగా జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ గమనించారు. అంటే ఆ తలం ఉబ్బుతోంది. ఉబ్బించేదేమిటి?

కటకం అంచు చుట్టూ సన్నని దారాలుంటాయి. వాటిని 1755లో వర్ణించిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త జిన్ పేరే వాటికి నిలిచింది. అవి కటకాన్ని సీలియరీ కండరపు వలయానికి కట్టి ఉంచుతాయి. కండరం బిగిస్తే దారాలు లాగుతాయనే ఎవరైనా అనుకుంటారు. జరిగేది తలకిందులు. బిగిస్తే వలయం చిన్నదై కటకానికి దగ్గరవుతుంది, దారాలు వదులవుతాయి. లాగుడు తగ్గగానే పైనున్న సాగే తొడుగు కటకాన్ని గుండ్రంగా మారుస్తుంది. దారాలు వదులవడమే కీలకమని 1855లో హెల్మ్‌హోల్ట్జ్ విప్పి చెప్పాడు.

మరి నలభై? కటకం జీవితాంతం కొత్త పోగులు పేర్చుకుంటుంది, పాతవాటిని పారేయదు. పదేళ్ల పిల్ల ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలోనూ చదవగలదు. నలభై దాటేసరికి కటకం బిరుసెక్కుతుంది. ఆ పెద్దాయన కంట్లో కండరం బిగుసుకుంటూనే ఉంది, దారాలు వదులవుతూనే ఉన్నాయి. కటకమే తగినంత ఉబ్బడం లేదు. అందుకే ఆయన చెయ్యి చాచారు.