మూసీ పరీవాహక ప్రాంతపు నత్తలు, ఆల్చిప్పలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల చెరువులు, కాలువలు, వరిపొలాలలో కనిపించే నత్తలు, ఆల్చిప్పలు మొలస్కా వర్గానికి చెందిన మంచినీటి అకశేరుకాలు.

జీవన విధానం

ఆపిల్ నత్తకు (పైలా గ్లోబోసా) మొప్ప, ఊపిరితిత్తి రెండూ ఉంటాయి. నీరు ఎండినపుడు ఇది బురదలో దూరి, గుల్లను మూతతో మూసుకొని, గ్రీష్మకాల సుప్తావస్థలో గడుపుతుంది. ఆల్చిప్ప (లామెల్లిడెన్స్ మార్జినాలిస్) మొప్పలతో నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవులను తింటుంది. దీని డింభకాలు కొంతకాలం చేపల మొప్పలకు, వాజాలకు అంటుకొని పెరుగుతాయి. అందువలన చేపలు నశించిన చోట ఆల్చిప్పల సంతతి కూడా నిలవదు.

ముప్పు

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ నది హైదరాబాదు మురుగునీటిని మోసుకొని వచ్చి, సూర్యాపేట సమీపంలోని మూసీ జలాశయాన్ని దాటి, వాడపల్లి వద్ద కృష్ణానదిలో కలుస్తుంది. మురుగు కుళ్ళేటపుడు నీటిలోని ఆక్సిజన్ తగ్గుతుంది. నత్త పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. నీటిని శుభ్రపరచే ఆల్చిప్పకు ఆ వీలు లేదు.