తుపాకీ వద్దన్న ఊరు

చరిత్ర పాఠాల్లో యుద్ధాలు చాలా చదువుతాం. యుద్ధం నడుమ ఆయుధం పట్టని ఒక ఊరి గురించి నేను చెప్తాను.

కొలంబియాలో సైన్యం, గెరిల్లాలు, పారామిలిటరీ ముఠాల మధ్య రైతులు నలిగిపోయేవారు. 1997 మార్చి 23న సాన్ హోసే దె అపార్తాదో గ్రామస్థులు తమది శాంతి సమాజమని ప్రకటించారు. ఆయుధం పట్టం, ఏ పక్షానికీ సమాచారం ఇవ్వం, పనులు కలిసి చేసుకుంటాం అన్నవి వాళ్ల కట్టుబాట్లు. విదేశీ వాలంటీర్లు ఉత్త చేతులతో తోడు నడిచేవారు. బయటివాళ్లు చూస్తుంటే చంపేవాడు జంకుతాడని ఆశ.

అయినా 2005 ఫిబ్రవరిలో సైనికులు, పారామిలిటరీలు కలిసి, పిల్లలతో సహా 8 మందిని చంపేశారు. తర్వాత ప్రభుత్వం ఊళ్లో పోలీసులను పెట్టింది. వాళ్లు ఇళ్లు వదిలి దగ్గర్లోనే కొత్త ఊరు కట్టుకున్నారు. ఒక తుపాకీ నీడన ఉంటే ఇంకో తుపాకీకి గురి అవుతామని వాళ్లకు తెలుసు. నాకు వాళ్ల ధైర్యం ఇక్కడే కనిపించింది.